కనుమ మీద మూడో కుప్ప

హిమాలయాల్లో ఒక కనుమను నేను ఒంటరిగా దాటిన సంగతి పెనుకొండలో చాలామందికి తెలుసు. హిందూపురంలో ఒక బడి పిల్లలకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఏడాదికోసారి నేనే పోయి చెప్పేవాణ్ణి. ఆ కథలో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఒక సంగతి మాత్రం ఎనిమిదేళ్ళపాటు చెప్పకుండా దాటవేశాను. దారిలో మూడో రాళ్ళ కుప్పను నేను ఏం చేశానన్నది ఎక్కడా చెప్పలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న కుర్రవాళ్ళు ఇది చదవాలని నా కోరిక. నా గొప్ప కూడా ఇందులో ఉంది. దాన్ని దాచను. ఆ నాలుగు రోజుల నడక తలచుకుంటే ఇప్పటికీ నా వెన్ను నిటారుగా నిలుస్తుంది. కానీ దానికి వెనకాల ఒక మనిషి కాలివేళ్ళు ఉన్నాయి.

నాకిప్పుడు నలభై ఆరేళ్ళు. ఈ వయసుకే పింఛను తీసుకుంటున్నానంటే నా కళ్ళే కారణం. ఏళ్ళ తరబడి మంచు మీద పడ్డ ఎండ నా చూపును కొంచెం కొంచెంగా తినేసింది. యంత్రంలోంచి గీతలు కనిపించనివాడు సర్వే గుంపుకు పనికిరాడు. ఇంటికి పంపారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

రోడ్డు వేసేవాళ్ళ కంటే ముందుపోయి నేల ఎత్తుపల్లాలు కొలిచే గుంపు మాది. ఒకచోట లెవెల్ యంత్రం నిలిపి, వెనక ఒకసారి, ముందు ఒకసారి గజం అనే పొడవాటి కొలకర్రను నిటారుగా పట్టించి, దాని మీద అంకెలు చూసి పుస్తకంలో రాసుకోవాలి. యంత్రం ఎత్తుకొని ముందుకు పోయి మళ్ళీ అదే పని. అలా మైళ్ళకు మైళ్ళు. ఎక్కడైనా ఒక్క అంగుళం తప్పితే ఆ తప్పు మనతోపాటే కొండెక్కుతుంది. చైనాతో యుద్ధానికి ముందరి ఆ రోజుల్లో మమ్మల్ని లాహూల్ అవతలి కొండల్లోకి పంపారు. అక్కడ చెట్టు లేదు. పక్షి కూడా అరుదు. రాయీ మంచూ ఆకాశమూ తప్ప ఏమీ కనిపించదు.

మా గుంపులో తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను పెనుకొండవాణ్ణి. నాకు గజం పట్టేవాడు ధర్మవరం మనిషి, పట్టుచీరల మగ్గం ఇంట్లో పుట్టినవాడు. ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురు, మగ్గాలు రెండు. అందుకని ఉద్యోగానికి వచ్చాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు. గాలికి మేమే నిలవలేని చోట అతని చేతిలో గజం మాత్రం కదిలేది కాదు. ఎట్లా పడతావప్పా అని అడిగితే, పడుగు పోగు లాగా పట్టల్లన్నా, సడలినా తప్పే, తెగినా తప్పే అనేవాడు. మా అధికారి వేరే గుంపులకు అతణ్ణి అరువు ఇవ్వడానికి ఒప్పుకునేవాడు కాదు.

అక్కడ రాగులు దొరకవు కాబట్టి బార్లీ పిండితోనే సంగటి కెలికేవాడు. అది సంగటి కాదని ఇద్దరికీ తెలుసు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఊరమిరపకాయ నంజుకున్నాక మాత్రం ఔనని ఒప్పుకునేవాళ్ళం.

ఆ కనుమ మీద దారి అంటూ ఉండదు. మంచు పడితే నేలంతా ఒకటే. అక్కడివాళ్ళు ఛాతీ ఎత్తున రాళ్ళ కుప్పలు పేర్చి ఉంచారు. ఈ వైపు మొదలుకొని ఆ వైపు దిగేదాకా ఐదు కుప్పలు. మమ్మల్ని మొదటిసారి దాటించిన కంచరగాడిదల పెద్దాయన వచ్చీరాని హిందీలో ఒక నియమం చెప్పాడు. ప్రతి కుప్ప దగ్గరా ఆగి ఒక రాయి పెట్టాలి. ఎన్ని పెట్టినా పెట్టొచ్చు గానీ ఒక్కటి కూడా తీయకూడదు. దేవుడి కోసమా అని నేను అడిగాను. కాదు, వెనక వచ్చేవాడి కోసం అన్నాడు.

ధర్మవరం అతను రెండు చేతులతో పువ్వు పెట్టినట్టు రాయి పెట్టేవాడు. నేను దూరం నుంచి విసిరేవాణ్ణి. అది చూసి అతను నవ్వాడు.

“పెనుకొండోళ్ళకు రాయి ఇయ్యడం చేతగాదన్నా, తీసుకునేదే తెలుసు. రాజుల కోటంతా పెరికి గడపలు ఏసుకుంటిరి గదా.”

“మా ఇంటి గడప కోట రాయే. అయితే ఏమి? రాజులు తిరిగొచ్చి అడుగుతారా?” అన్నాను.

అది ఎగతాళి మాటే అయినా నిజం. మా ఊళ్ళో సగం గోడల్లో, బావుల ఒరల్లో, పశువుల కొట్టాల్లో కోట రాళ్ళే ఉంటాయి. కుప్పగా రాళ్ళు కనిపిస్తే ఏదో ఒకటి కట్టడానికే ఉన్నాయనుకునే ఊళ్ళో పెరిగాను నేను.

రెండో ఏడు పని ముగిసే కాలానికి కనుమకు ఈ వైపు మా శిబిరం, ఆ వైపు ఇంకో శిబిరం ఉన్నాయి. మా కొలతల చివరి అంకెలు ఆ వైపు వాళ్ళకు అందితేనే రెండు గుంపుల లెక్కలు కలుస్తాయి. మంచు పడి కనుమ మూతబడితే వేసవి అంతా చేసిన పని వృథా, మళ్ళీ ఏడు మొదటినుంచి కొలవాలి. సరిగ్గా అప్పుడే మా అధికారికి ఎత్తు పడక ఊపిరి ఆడలేదు. కంచరగాడిదలతో సహా అందరూ ఆయన్ను కిందికి మోసుకుపోయారు. పోతూ ఆయన మా ఇద్దరికీ పని అప్పగించాడు. ఇద్దరూ కలిసే పోవాలి, పుస్తకం నేను, యంత్రం పెట్టె అతను. ఒంటరిగా కనుమ ఎక్కకూడదన్నది మా గుంపు కట్టుబాటు.

ధర్మవరం అతనికి జ్వరం వచ్చింది. రెండు రోజులు ఆగన్నా, ఇద్దరం పోదాం అన్నాడు. నేను ఆకాశం చూపించి, మంచు వచ్చేట్టుంది, ఆగితే పని చెడుతుంది అన్నాను. అది సగం నిజం. కనుమను ఒంటరిగా దాటినవాడు మా గుంపులో ఎవడూ లేడన్నది మిగతా సగం.

“నువ్వు నిదానంగా రా. కుప్పలు చూసుకుంటా రా. దారి నీకు తెలియనిదా?” అన్నాను.

అతను గుడారం గుడ్డ ఎత్తిపట్టుకొని నన్ను సాగనంపాడు. ఊరమిరపకాయల మూట నా సంచిలో వేశాడు. ఉన్నవన్నీ వేశాడని తర్వాత చూసుకున్నాను.

ఆ నడక గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మొదటిరోజు ఏటి వెంబడి పైకి పోయాను. పది అడుగులు వేయడం, నిలబడి ఊపిరి తీసుకోవడం. మా పెనుకొండ కోటకొండను ఒకదాని మీద ఒకటి ఐదు పేర్చినంత ఎత్తు అది. తల లోపల ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టుంటుంది. కొలతల పుస్తకాన్ని గుడ్డలో చుట్టి కడుపుకు కట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే లోయ అంతా కలిపి ఒక్క మనిషి అడుగులే ఉన్నాయి. అవి నావి. ఆ అడుగులు చూసినప్పుడు కలిగిన గర్వం నాకు పెళ్ళిలోనూ కలగలేదు, బిడ్డ పుట్టినప్పుడూ కలగలేదు. ఈ మాట నా భార్యకు కూడా తెలుసు.

మొదటి కుప్ప మీద రాయి పెట్టాను. ఆ రాత్రి ఒక బండ కింద ముడుచుకున్నాను. రెండోరోజు పొద్దున రెండో కుప్ప మీదా పెట్టాను. మధ్యాహ్నం మూడు దాటాక మూడో కుప్ప ఉన్న చదును చేరాను.

ఆ చోటు సంగతి చెప్పాలి. ఆ చదును చివర నుంచి పైకి రెండు ఇరుకు దారులు పోతాయి. ఎడమది కనుమ శిఖరానికి పోతుంది. కుడిది చూడటానికి దానికంటే విశాలంగా, నున్నగా ఉంటుంది గానీ పైన మంచుగోడ దగ్గర ఆగిపోతుంది. ఎడమ దారి మొదట్లో నిలబడి ఉంటుంది మూడో కుప్ప. మబ్బులో అయినా నల్లగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకొని పోతే చాలు.

అక్కడ నన్ను గాలి పట్టుకుంది. నిలబడితే పడేస్తుంది, కూర్చుంటే ఎముకల్లోకి దూరుతుంది. పొద్దున్నించి వేడినీళ్ళు లేవు. కిరసనాయిలు స్టవ్ ఎన్ని అగ్గిపుల్లలు గీసినా అంటుకోలేదు. వేళ్ళు నావి కాకుండా పోయాయి. గాలికి అడ్డం ఏదైనా కట్టకపోతే అక్కడే చస్తానని తెలిసింది. చుట్టూ నేల గడ్డకట్టి ఉంది, ఒక్క రాయీ పెగలదు. పేర్చిన రాళ్ళు మాత్రం ఎదురుగానే ఉన్నాయి.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా ఊరివాడు చేసే పనే చేశాను. కుప్ప నేలమట్టమయ్యేదాకా ఒక్కొక్క రాయీ తీసి మోకాలెత్తున అర్ధచంద్రం లాగా గోడ కట్టాను. కట్టడం చక్కగా కుదిరింది కూడా. దాని చాటున స్టవ్ వెలిగింది. టీ కాచుకున్నాను. ఒక ఊరమిరపకాయ నమిలాను. బతికాను.

తెల్లవారేసరికి గాలి పడిపోయింది. ఆకాశం కడిగినట్టుంది. గోడ విప్పి రాళ్ళు మళ్ళీ పేర్చడానికి గంట పట్టదు. కానీ వేళ్ళు నొప్పి, పైన శిఖరం కనిపిస్తోంది, కాళ్ళు ఆగలేదు. తర్వాత ఎవరో పేరుస్తారులే అనుకున్నాను. ఆ ఎవరో రెండు రోజుల వెనకాలే వస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం శిఖరం మీద నాలుగో కుప్పకు రాయి పెట్టి చేతులు జోడించాను కూడా. నాలుగోరోజు ఆ వైపు శిబిరం చేరాను. అక్కడి అధికారి నా పుస్తకం తెరిచి తన అంకెలతో కలిపి చూశాడు. కొండ ఆ పక్క నుంచి వాళ్ళూ ఈ పక్క నుంచి మేమూ రెండు వేసవులు కొలిచిన లెక్క గోరంత తేడాతో కలిసింది. ఆయన లేచి నిలబడి నా చేయి పట్టుకున్నాడు. నువ్వొక్కడివే వచ్చావా అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి అడిగింది వినడానికి మరీ బాగుంది.

ధర్మవరం అతను ఆరోరోజు రావాలి. రాలేదు. ఏడోరోజు మధ్యాహ్నం గొర్రెల్ని దింపుకొస్తున్న కాపరులు అతణ్ణి జడలబర్రె మీద వేసుకొని తెచ్చారు. నేను శిఖరం దాటిన రాత్రి పైన మంచు పడిందట, తర్వాత మబ్బు కమ్మిందట. కుడి దారిన పడి రెండు రాత్రులు మంచుగోడ కింద ఉన్నాడు. యంత్రం పెట్టె వీపుకు కట్టే ఉంది. తెరిచి చూస్తే లోపల మట్టం చూపే బుడగ గాజు చెక్కు చెదరలేదు. తను పడినప్పుడల్లా బోర్లా పడ్డాడని, పెట్టె మీద వెల్లకిలా పడలేదని ముఖం మీది గాయాలు చూస్తే తెలిసింది.

బూట్లు నేనే విప్పాను. కుడికాలి వేళ్ళు బొగ్గుల్లాగా ఉన్నాయి.

“అన్నా, మూడో కుప్ప లేదన్నా. అంతా వెతికినా. యాడా లేదు.”

“మాట్లాడొద్దు. పండుకో” అన్నాను.

నేను ఆ రోజు అతనితో అన్నది అంతే.

కిందికి తీసుకుపోయిన తర్వాత కుడికాలి వేళ్ళు ఐదూ, ఎడమకాలివి రెండూ తీసేశారు. విచారణ చేసిన పై అధికారి, లెక్కలు కలిశాయి కాబట్టి, ఒంటరిగా ఎందుకు పోయావని కూడా అడగకుండా నన్నొక్క ప్రశ్నే అడిగాడు. నువ్వు పోయేటప్పటికి కుప్పలన్నీ ఉన్నాయా? నేను పోయేటప్పటికి అన్నీ ఉన్నాయి సార్ అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాకు మెప్పు కాగితం రాసిన చేత్తోనే ఆయన, జ్వరం వల్ల తల నిలకడగా లేక గుర్తును చూడకుండా పోయాడని అతని గురించి రాశాడు. అతణ్ణి ఇంటికి పంపేశారు. మరుసటి వేసవిలో మేం పోయేసరికి మూడో కుప్ప ఛాతీ ఎత్తున మళ్ళీ నిలబడి ఉంది. ఎవరు పేర్చారో తెలియదు. నేను రెండు రాళ్ళు పెట్టాను. కుప్ప మీద రెండు రాళ్ళు పెరిగాయి, అంతకంటే ఏమీ జరగలేదు.

తర్వాత సెలవులకు వచ్చినప్పుడల్లా ధర్మవరం స్టేషన్లో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద గోడవైపు తిరిగి నిలబడేవాణ్ణి. ఉద్యోగం పోయి పెనుకొండలో స్థిరపడ్డాక నా కథ చుట్టుపక్కల పాకింది. హిందూపురంలో ఒక కాఫీ హోటలాయన నన్ను చూడగానే, ఏమప్పా మంచుకొండ, కాఫీలోకి ఐసుగడ్డ ఏయించనా అనేవాడు. దుడ్లు తీసుకునేవాడు కాదు.

పోయిన ఏడు బడిలో కథ చెప్పి ఆ హోటల్లోనే కూర్చున్నాను. చీరల మూటతో ధర్మవరం నుంచి వచ్చిన ఒకాయన పక్క బల్ల దగ్గర ఉన్నాడు. హోటలాయన నా గొప్ప ఆయనకు చెప్పాడు. ఆయన మర్యాదగా విన్నాడు.

“మా ఈదిలో కూడా ఒకాయన ఉండాడప్పా, ఆ కొండల్లోకే పోయినాడు. దారి తప్పి వేళ్ళు పోగొట్టుకున్యాడు. రాళ్ళ కుప్ప లేకుండా పాయ అని ఇప్పటికీ చెప్తాంటాడు. పిల్లోళ్ళు కూడా కుప్పలాయన అని పిలుస్తారు. మగ్గం మాత్రం బాగా నేస్తాడు. తల ఒగటే, ఆ చలికి రవ్వంత చెడింది.”

కాఫీ తాగలేకపోయాను. ఆ సాయంత్రమే మా శాఖకు ఉత్తరం రాశాను, ఆనాటి నివేదిక తప్పని, తప్పు నాదని. దానికి జవాబు ఇంకా రాలేదు. జవాబు కోసం ఆగితే మళ్ళీ సాకు దొరుకుతుందని మరునాడు పొద్దున బండికే ధర్మవరంలో దిగాను. ఈసారి గోడవైపు తిరగలేదు.

ఆ వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే. అతని ఇంట్లో భార్య గుమ్మం దగ్గర కూర్చొని పట్టుదారం కండెలు చుడుతోంది. అతను లోపల గుంటమగ్గంలో ఉన్నాడు. గుంటలో కాళ్ళు దించి కూర్చొని, అడుగున ఉన్న కర్రల్ని తొక్కుతూ నేయాలి. వేళ్ళు లేని కుడిపాదానికి తోలుపట్టీతో ఒక చెక్క కట్టుకొని ఉన్నాడు. ఆ చెక్క తొక్కినప్పుడు ఒక చప్పుడు, ఎడమకాలు తొక్కినప్పుడు ఇంకో చప్పుడు. అరటిపండు రంగు పట్టు మీద జరీ అంచు ఒక్క పోగు కూడా వంకర లేకుండా సాగుతోంది. గజం పట్టిన చేతులవి.

తలెత్తి నన్ను గుర్తుపట్టాడు.

“రాన్నా. ఎనిమిదేండ్లు పట్టినాదా కొండ దిగేదానికి?”

కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. గాలి సంగతీ, స్టవ్ సంగతీ, గోడ సంగతీ వరసగా చెప్పాను. చప్పుడు ఆగింది. తర్వాత నన్ను తిట్టకుండా, విచారణలో అధికారి అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

“గోడ యాడ కట్టినావు? కుప్పకు ఏ పక్క?”

“కుడిపక్క. పది అడుగుల దూరం.”

“ఎంత ఎత్తు?”

“మోకాలంత.”

అతను కళ్ళు మూసుకున్నాడు. “మంచు కింద నా మోకాలికి ఏదో తగిలింది. బోర్లా పడినా. బండ అనుకొని పక్కకు జరిగి పోయినా.” కళ్ళు తెరిచాడు. “అయితే నా కండ్లు సరిగ్గానే చూసినాయి.”

ఔనన్నాను.

“రాళ్ళు తీసింది తప్పు గాదన్నా. పానం కాపాడుకోవల్ల గదా, నేనైనా తీసేవాణ్ణి. పొద్దున మళ్ళా పెట్టల్ల. పెట్టకపోతివి, పోనీ, చెప్పల్ల. నేను నీ ముందర పండుకొని లేదన్నా లేదన్నా అంటాంటే, నువ్వు చెప్పల్ల.” గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. “వేళ్ళు పోయినాయి, చెక్క కట్టుకున్యా. నా మాట పోయినాది. దానికి ఏం కట్టుకుంటా? నాకే అనుమానం వచ్చె, నిజంగానే తల చెడిందేమో అని.”

నేను క్షమించమని అడగబోయాను. చేయెత్తి ఆపాడు.

“నాకు గాదు. ఏమే, ఇట్ల రా. అన్నా, ఆయమ్మకు చెప్పు.”

ఆమెకు చెప్పాను. ఆమె చేతిలో కండె అట్లాగే ఉండిపోయింది. నావైపు చూడనేలేదు. భర్తవైపు చూసి, నేను కూడా నిన్ను నమ్మకపోతినే అంది. అతను చేతులు ఊని గుంటలోంచి పైకి లేచాడు. నా భుజం మీద చెయ్యి వేసి, చెక్క కట్టిన కాలు ఈడ్చుకుంటూ నన్ను వీధిలోకి నడిపించాడు. ఆ బరువు నాకు తెలిసిందే. మంచులో ఎన్నోసార్లు ఒకరి మీద ఒకరం ఆనుకొని నడిచాం.

వీధి మధ్యలో ఆగి కేకేసి పక్కింటివాళ్ళను పిలిచాడు. ఒక మగ్గం ఆగింది. తర్వాత ఎదురింటిది. కొంతమంది గడపల్లోకి వచ్చారు, హిందూపురంలో నాతో మాట్లాడిన చీరల ఆయన కూడా ఉన్నాడు.

“గట్టిగా చెప్పన్నా. మగ్గాల చప్పుడుకు మా ఈదిలో ఎవురికీ చెవులు సరిగ్గా ఇనబడవు.”

బడిలో ఎన్నోసార్లు నిలబడి కథ చెప్పిన గొంతుతోనే, వీధి చివరిదాకా వినిపించేట్టు చెప్పాను.

“ఈయన యాడా దారి తప్పలేదు. మూడో కుప్ప ఆడ లేదు, ఈయన చెప్పిందే నిజం. ఆ రాళ్ళు పెరికి గోడ కట్టుకున్నోణ్ణి నేను. మళ్ళా పేర్చకుండా పోయినా. తెలిసి కూడా ఎనిమిదేండ్లు నోరు మూసుకొని, ఆ కొండ పేరు చెప్పుకొని మర్యాదలు పొందినా. తమ్ముడూ, తప్పు నాది. నన్ను మన్నించు.”